నాటకాల మిద్దెను ఏం చేద్దాం: మీరడుగుతున్న ప్రశ్నలు, మా జవాబులు

అనంతపురం పాతూరులోని మన నాటకాల మిద్దెను, అంటే మన సొసైటీ పాత నాటకాల హాలును, బాగుచేయాలా, కూల్చాలా, లీజుకివ్వాలా అన్నది తేల్చడానికి సర్వసభ్య సమావేశం పెడుతున్నామని తెలిసినప్పటి నుంచి నా ఫోన్ మోగుతూనే ఉంది. టీ అంగడి దగ్గర, పెళ్ళిళ్ళలో, ఆసుపత్రి వరండాలో కూడా ఆపి అడుగుతున్నారు. ఒక్కొక్కరికి సగం సగం చెప్పేకంటే అన్నీ ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. మరమ్మతుల బాధ్యతను కమిటీ నాకు అప్పజెప్పింది కాబట్టి రాస్తున్నది నేను. కమిటీ తేల్చిన విషయాన్ని కమిటీ మాటగా రాశాను. నా అభిప్రాయాన్ని నా అభిప్రాయమనే చెప్పాను.

ఇన్నేళ్ళూ నిలబడింది కదా, ఇప్పుడే ఎందుకీ తొందర?

పోయిన వానాకాలంలో ఒక రాత్రి వానకు వేదికకు ఎడమ వైపు పైకప్పు పెచ్చు ఊడిపడింది. పొద్దున తలుపు తీసి చూస్తే మొదటి వరస బెంచీ మీద మూడు ఇటుకలు, చుట్టూ సున్నం పొడి. శనివారం సాయంత్రాలు హార్మోనియం నేర్చుకునే పిల్లలు కూర్చునేది ఆ బెంచీ మీదే. నాకు కాళ్ళు వణికాయి. ఆ రోజే హాలుకు తాళం వేశాం.

దాంతో పిల్లలకు ప్రమాదం తప్పింది గానీ మిద్దెకు తప్పలేదు. మూసిన ఇంట్లో గాలి ఆడదు, తేమ ఆరదు, చెదలు ఎక్కడ పట్టాయో ఎవరి కంటా పడదు. మనది వానలు తక్కువ పడే జిల్లా, ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. కానీ అందులో చాలా భాగం సెప్టెంబరు, అక్టోబరుల్లో కొద్ది రోజుల్లోనే కుమ్మరించి పోతుంది. ఎండాకాలమంతా ఎండి పగుళ్ళిచ్చిన పాత మిద్దె మీద ఆ వాన పడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఇంకో రెండు వానాకాలాలు ఇలాగే వదిలేస్తే చర్చించడానికి మిద్దే ఉండదని నా భయం.

అసలు ఆ మిద్దె ఎవరిది? దాత కుటుంబానిదా, సొసైటీదా?

స్థలం దానంగా వచ్చింది. మిద్దె మన పెద్దలు చందాలు పోగుచేసి కట్టింది. రెండూ సొసైటీ పేరు మీదే ఉన్నాయి. మద్రాసు రాష్ట్రం నాటి స్టాంపు కాగితం మీద రాసిన దానపత్రం మన బీరువాలోనే ఉంది. అంచులు పొడి రాలుతున్నాయి కాబట్టి దాన్ని స్కాన్ చేయించి, అసలు కాగితాన్ని బ్యాంకు లాకర్లో పెట్టాం.

ఇక్కడ ఒక మాట. ఇలాంటి పాత హాలు మీ ఊళ్ళోనూ ఉంటే మొదట చేయాల్సింది ఈ కాగితాల పనే. కంప్యూటర్‌లో వచ్చే ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం, 1983 నుంచి మాత్రమే చూపిస్తుంది. అంతకు ముందు జరిగిన లావాదేవీల కోసం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేతిరాత పుస్తకాలు వెతికించాలి. టౌన్ సర్వే రిజిస్టర్‌లో ఆ నంబరు ఎవరి పేరున ఉందో, ఎన్ని గజాలు చూపిస్తోందో కూడా చూసుకోవాలి. మన విషయంలో రిజిస్టర్‌లో ఉన్న కొలతకు, ఇప్పుడు గోడ ఉన్న చోటుకు తేడా వచ్చింది. వెనక సందు వైపు కొంత జాగా జారిపోయింది. సర్వే చేయించమని అర్జీ పెట్టాం.

దాత మనవళ్ళు స్థలం వెనక్కి అడగొచ్చా?

రిజిస్టరై, స్వాధీనం కూడా చేసిన దానాన్ని ఎవరూ తమ ఇష్టం వచ్చినప్పుడు వెనక్కి తీసుకోలేరు. అయితే మన దానపత్రంలో స్థలాన్ని నాటకాలకు, సభలకు, చదువుకునే గదికి వాడాలని రాసి ఉంది. దాన్ని పూర్తిగా పక్కనబెట్టి షాపింగ్ కాంప్లెక్స్ కడితే కోర్టుకు పోయేవాళ్ళకు మనమే దారి వేసినట్టవుతుందని లాయరుగారు చెప్పారు. ఆ కుటుంబం వాళ్ళతో నేను స్వయంగా మాట్లాడాను. వాళ్ళకు స్థలం మీద ఆశ లేదు. గోడ మీద తమ ముత్తాత పేరున్న రాయిని మాత్రం తీయొద్దన్నారు.

అమ్మేసి ఆ డబ్బు సభ్యులు పంచుకుంటే?

చట్టం ఒప్పుకోదు. సొసైటీని రద్దు చేసినా మిగిలిన ఆస్తి అలాంటి పనే చేసే మరో సంస్థకు పోవాల్సిందే గానీ సభ్యుల జేబుల్లోకి రాదు.

ఇంజనీరు ఏమన్నారు? కూలిపోతుందా?

స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి రెండు పూటలు చూశారు. గోడలు గట్టిగా ఉన్నాయన్నారు. పునాది నుంచి కిటికీ మట్టం దాకా రాయి, ఆపైన ఇటుక, రెండడుగుల మందం, అంతా సున్నంతో కట్టింది. నేల మీద పరిచిన కడప బండలు నాలుగైదు తప్ప ఏవీ కదల్లేదు. జబ్బంతా పైకప్పులో ఉంది, అందులోనూ దూలాల కొనల దగ్గర.

నేను నిచ్చెన ఎక్కి చూశాను. దూలం గోడలోకి దిగే చోట చిన్న స్క్రూడ్రైవర్‌తో గుచ్చమన్నారు. గుచ్చితే వెన్నలో దిగినట్టు పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే నల్లటి తడి పొడి రాలింది. అదే దూలాన్ని ఒక మూర ఇవతల గుచ్చితే స్క్రూడ్రైవర్ కొన కూడా దిగలేదు. అంత మంచి టేకు అది. హాల్లో మొత్తం పదకొండు దూలాలుంటే, వాటిలో నాలుగింటి కొనలు ఇలా కుళ్ళిపోయాయి. కొనలు కుళ్ళాయని దూలాలన్నీ పారేయాల్సిన పని లేదు. కుళ్ళినంత వరకూ కోసి, కొత్త చెక్కను గానీ ఇనుప చెప్పును (తొడుగును) గానీ అతికించి మళ్ళీ గోడలో కూర్చోబెట్టొచ్చు. ఆ పని జరిగేంత వరకూ కింద ఊతాలు పెట్టాలి. అవి ఇప్పటికే పెట్టాం.

గోడ పగుళ్ళ మీద అడ్డంగా చిన్న గాజు ముక్కలు అతికించి, పక్కన పెన్సిల్‌తో తేదీ రాశాం. గోడ కదులుతుంటే గాజు పగులుతుంది, కదలకపోతే అలాగే ఉంటుంది. ఇప్పటిదాకా ఒక్కటే పగిలింది, మురుగు కాలువ వైపున్నది. అక్కడ పిట్టగోడలో రావి మొక్క కూడా మొలిచింది. కొమ్మ కోసేస్తే సరిపోదు. వేరు గోడలోకి ఎంత దూరం పోయిందో చూసి, అక్కడి ఇటుకలు విప్పి తీయాలి.

కమిటీలో కొందరికి ఈ రిపోర్టు మీద నమ్మకం కుదరలేదు. అది తప్పేమీ కాదు. 1948 నుంచి ఇంజనీరింగ్ కాలేజీ ఉన్న ఊరు మనది, అదే ఇప్పుడు జేఎన్‌టీయూ. అక్కడి సివిల్ విభాగం నుంచి రెండో అభిప్రాయం తీసుకుందామన్నది నా మాట.

ఆ పాత కప్పు మీద ఒక స్లాబ్ వేసేస్తే తీరిపోదా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

మనది మద్రాసు టెర్రేస్ కప్పు. దూలాల మీద దంతెలు (సన్న అడ్డకర్రలు) పరిచి, వాటి మీద సన్న ఇటుకలను నిలువుగా, ఐమూలగా సున్నంతో పేరుస్తారు. ఆపైన ఇటుక ముక్కలు, సున్నం కలిపి పరిచి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చల్లుతూ చెక్క కొట్టుళ్ళతో రోజుల తరబడి కొడతారు. మా అవ్వ చిన్నతనంలో ఆ కొట్టుడు పనికి పోయేదట. ఆడవాళ్ళు వరసగా కూర్చుని పదం పాడుతూ, పదానికి తగ్గట్టు కొట్టేవాళ్ళని చెప్పేది. అలా కొట్టిన కప్పులో సున్నం తేమను పీల్చుకుంటుంది, ఎండ రాగానే వదిలేస్తుంది. నడివేసవిలో కూడా మన హాల్లో కూర్చోగలిగామంటే ఆ కప్పూ, ఆ గోడలే కారణం.

పదిహేనేళ్ళ కిందట కప్పు కారుతోందని ఒక మేస్త్రీతో పైన సిమెంటు పూత వేయించాం. అప్పటి కమిటీలో నేనూ ఉన్నాను, సరేనని చేయెత్తాను. రెండేళ్ళు చుక్క కారలేదు. తర్వాత ఎండలకు సిమెంటు నెర్రెలిచ్చింది. నెర్రెల్లోంచి దిగిన నీళ్ళు మళ్ళీ పైకి ఆరిపోయే దారి లేక సున్నంలోనే నిలిచి, గోడ వైపు పాకి, దూలాల కొనలను పట్టుకున్నాయి. ఇవాళ కుళ్ళిన కొనలు ఆనాటి పూత ఫలితమే. ఆ నిర్ణయంలో నా చేయి ఉంది కాబట్టి ఈ సంగతి దాచడం నాకు ఇష్టం లేదు.

ఇక స్లాబ్ మాట. ఐదంగుళాల స్లాబ్ ఒక్క చదరపు మీటరుకు మూడు వందల కిలోల పైనే తూగుతుంది. కుళ్ళిన కొనల మీద ఆ బరువు పెట్టడమంటే మనమే కూల్చుకోవడం. పాత కప్పు పూర్తిగా తీసేసి స్లాబ్ వేయొచ్చు, అది వేరే సంగతి. అప్పుడు మిగిలేది గోడలు మాత్రమే.

గోడలకూ ఇదే వర్తిస్తుంది. పాత గచ్చు తీసేసి సిమెంటుతో పూసిన చోటల్లా గోడ చవుడు పట్టింది. సున్నంతో పూసిన పాత భాగం ఇప్పటికీ చేత్తో తడిమితే నున్నగా ఉంది. డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) పని తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు. పాత గుళ్ళ మరమ్మతుల్లో పనిచేసినవాళ్ళను వెతుక్కోవాలి. సున్నాన్ని వారాల ముందే గుంతలో నానబెట్టాలి, పూసినది ఆరడానికి టైమివ్వాలి. తొందరపెడితే ఆ పని కుదరదు.

కూల్చేసి ఏసీ కల్యాణ మంటపం కడితే ఆదాయం వస్తుంది కదా?

వస్తుంది. కాదనను. కమిటీలో దాదాపు సగం మంది దీనివైపే ఉన్నారు, వాళ్ళకూ ఈ సంస్థ మీద నాకెంత ప్రేమో అంతే ప్రేమ. మరమ్మతుకు డబ్బు పెట్టి పెట్టి చివరికి సొసైటీయే మూతపడుతుందేమోనన్నది వాళ్ళ టెన్షన్.

నా లెక్క ఇది. మన సందు వెడల్పుకు కొత్త ప్లాను ఇవ్వాలంటే నిబంధనల ప్రకారం చుట్టూ జాగా వదలాలి, పార్కింగ్ చూపించాలి, ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ అనుమతి) తేవాలి. అవన్నీ వదిలాక మిగిలే హాలు ఇప్పుడున్నదానికంటే చిన్నదవుతుంది. పెళ్ళిళ్ళకు కార్లు ఆపుకునే వీలున్న మంటపాలు బైపాస్ వైపు బోలెడు వచ్చాయి. పాతూరు సందులోకి పెళ్ళి బస్సు రాదు. అప్పు చేసి కట్టి, ముహూర్తాల నెలల్లో నాలుగు బుకింగులు చూసుకుని, మిగతా నెలలంతా వడ్డీ కట్టాలి. ఈ లెక్క తప్పని ఎవరైనా కాగితం మీద చూపిస్తే సమావేశంలో నేనే చదివి వినిపిస్తాను.

అందులో అంత చరిత్ర ఏముంది?

వేదిక వెనక మేకప్ గదికి ఒక్కసారి వెళ్ళండి. అద్దం చెక్క ఫ్రేముకు ఎవరో నటి అతికించి వదిలేసిన తిలకం బొట్లు ఇంకా ఉన్నాయి. దాని పక్క గోడ మీద మోకాలి ఎత్తు నుంచి తలెత్తి చూసే ఎత్తు దాకా పెన్సిల్ రాతలు. పద్యాల ఎత్తుగడలు, ఎవరు ఏ వేషం కట్టారు, ఎన్నో రంగంలో ఎవరు ఏ వైపు నుంచి రావాలి. ఒకచోట హార్మోనిస్టుకు ఇవ్వాల్సిన బాకీ కూడా రాసి ఉంది. ఏ పుస్తకంలోనూ దొరకని చరిత్ర అది. ఆ గోడకు తెలియక ఎవరైనా రంగు పూస్తారేమోనని ముందుగా ఫోటోలు తీయించాం.

సీమకు, నాటకానికి ఉన్న బంధం చిన్నది కాదు. సురభి నాటక సమాజం 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైంది. ఆంధ్ర నాటక పితామహుడని పేరొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు మన ధర్మవరంలో పుట్టినవారు. పేరుమోసిన రంగస్థల నటుడు బళ్ళారి రాఘవ 1880లో తాడిపత్రిలో పుట్టారు. రాఘవ మన వేదిక మీద ఆడారని ఒక బోర్డు రాయించమని ఇద్దరు ముగ్గురు పెద్దలు అడిగారు. మన దగ్గరున్న కరపత్రాల్లో, మినిట్స్ పుస్తకాల్లో ఆ మాట లేదు. ఆధారం లేకుండా బోర్డు పెట్టడం ఆయనకు గౌరవమనిపించుకోదు. పేరు లేకుండా పోయిన మన ఊరి నటుల రాతలు గోడ మీద ఉన్నాయి, నాకు అవి చాలు.

ప్రభుత్వానికి అప్పజెబితే? పురావస్తు శాఖ చూసుకోదా?

రాష్ట్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాలకు 1960 నాటి చట్టం ఉంది. అర్జీ పెట్టొచ్చు. కానీ జాబితాలో చేరితే మరుసటి నెల మేస్త్రీలు దిగుతారనుకోవడం పొరపాటు. గుళ్ళు, కోటలే ఎన్నో మరమ్మతు కోసం ఎదురుచూస్తున్నాయి. మిద్దెను వాడుకునే హక్కు మన చేతిలో ఉంచుకుని, సలహా కోసం పాత కట్టడాల రక్షణకు పనిచేసే ఇంటాక్ లాంటి సంస్థలను పిలవడం మేలని కమిటీ అభిప్రాయం. కొలతలు తీసి బొమ్మలు గీయడానికి కడపలోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం విద్యార్థులను అడగాలని కూడా అనుకున్నాం.

కడపలో తెలుగు నిఘంటువు రాసిన బ్రౌన్ దొర ఉన్న బంగళా నిలవలేదు. కానీ రచయిత జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి ఆ స్థలంలో గ్రంథాలయం కట్టించారు. ఇవాళ అది భాషా పరిశోధన కేంద్రం. మిద్దెను కాపాడలేకపోతే కనీసం స్థలాన్నైనా అదే పనికి ఉంచాలనేవాళ్ళకు అది మంచి ఉదాహరణ. మన మిద్దె ఇంకా నిలబడే ఉంది కదా అన్నది నా బాధ.

హెరిటేజ్ అని పేరు పెడితే పక్కనున్న మా ఇంటి మీద ఇంకో అంతస్తు వేసుకోనివ్వరట, నిజమేనా?

నిజం కాదు. చుట్టూ వంద మీటర్లలో కట్టకూడదు, ఆపై రెండు వందల మీటర్లలో అనుమతి తీసుకోవాలి అనే నియమం కేంద్రం రక్షిత కట్టడాలుగా ప్రకటించిన వాటికి. లేపాక్షి గుడి, తాడిపత్రి చింతల వెంకటరమణస్వామి గుడి అలాంటివి. మన మిద్దె ఆ జాబితాలో లేదు, చేర్చమని అడిగే ఆలోచన కూడా లేదు. పక్కింటివాళ్ళు నిశ్చింతగా ఉండండి.

డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు?

ఒకేసారి అంతా చేయం. మొదటి విడతలో కప్పు, దూలాల కొనలు, వాన నీళ్ళు పోయే గొట్టాలు, మురుగు కాలువ. నీళ్ళు ఆగకముందు గోడలకు రంగు వేయడం, కుర్చీలు కొనడం డబ్బు దండగ. ఈ విడతకు సభ్యుల చందాలు, సొసైటీ ఎఫ్‌డీ సరిపోవచ్చు.

తర్వాతి విడతలకు సీఎస్ఆర్ నిధులు, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే డబ్బు, అడగొచ్చు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గడిచిన మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకు ఖర్చు పెట్టాలి. చారిత్రక కట్టడాల పునరుద్ధరణ, సంప్రదాయ కళలు ఆ జాబితాలో ఉన్నాయి. తాడిపత్రి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ మనకు దగ్గర్లోనే ఉన్నాయి. అయితే ఉత్త అర్జీ పట్టుకుని పోతే గేటు దాటనివ్వరు. ఆడిట్ చేసిన లెక్కలు, అందరూ 12ఏ, 80జీ అని చెప్పుకునే పన్ను రిజిస్ట్రేషన్లు, సీఎస్ఆర్ డబ్బు తీసుకునే సంస్థలకిచ్చే సీఎస్ఆర్-1 నంబరు కావాలి. మన ఆడిట్ మూడేళ్ళు వెనకబడి ఉండేది, ఇప్పుడు పూర్తయింది.

అమెరికాలో ఉన్న పిల్లలు పంపొచ్చా అని చాలామంది అడిగారు. పిల్లలది ఇంకా భారత పాస్‌పోర్టే అయితే తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపొచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళ డబ్బు విదేశీ విరాళం కిందికి వస్తుంది. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా మనం తీసుకోకూడదు, వాళ్ళకు ఓసీఐ (విదేశీ భారతీయ) కార్డు ఉన్నా సరే. దయచేసి వేరేవాళ్ళ ఖాతాల ద్వారా పంపొద్దు.

ముందున్న బాడుగ షాపుల వాళ్ళ సంగతి?

రెండూ ఉంటాయి. మురుగు కాలువ పని జరిగే రోజుల్లో మాత్రం మూయాలి, ఆ నెలల బాడుగ తీసుకోం. అగ్రిమెంట్లు కొత్తగా రాసుకుందాం. లీజును రిజిస్టర్ చేయించాల్సిందే.

ఇప్పుడు నాటకాలు ఎవరు చూస్తారు? బాగుచేసి ఎవరికోసం?

బాధనిపించినా సరైన ప్రశ్న. ఏడాదికి నాలుగు నాటకాలతో ఏ మిద్దే బతకదు.

మన వీధుల్లో పొద్దున ఆరింటికి తిరిగి చూడండి. గ్రూప్స్‌కు, డీఎస్సీకి, పోలీసు ఉద్యోగాలకు చదివే పిల్లలు గుడి మెట్ల మీద, పార్కు బెంచీల మీద పుస్తకాలు పట్టుకుని ఉంటారు. ఒక్కో గదిలో నలుగురైదుగురు ఉంటారు, చదువుకోవడానికి చోటుండదు. దానపత్రంలో చదువుకునే గది అని ఉన్న మాటకు ఇంతకంటే మంచి అర్థం నాకు తోచలేదు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా హాలు వాళ్ళకు. బల్లలు, ఫ్యాన్లు, తాగడానికి నీళ్ళు, నామమాత్రపు ఫీజు. సాయంత్రం హార్మోనియం, కోలాటం, రిహార్సల్స్. వారాంతాల్లో సభలు, పుస్తకావిష్కరణలు, చిన్న శుభకార్యాలు. రోజూ నలభై మంది వచ్చిపోయే చోట కప్పు కారితే ఆ రోజే తెలుస్తుంది.

వెనక వైపు తర్వాత కలిపిన సిమెంటు గదులు రెండూ పడగొట్టాలి. వాటి చువ్వలు తుప్పుపట్టి బయటికొచ్చాయి, వాటిని కాపాడే పని లేదు. ఆ జాగాలో ఆడవాళ్ళకు, మగవాళ్ళకు విడివిడిగా బాత్రూములు, ముందు వైపు చక్రాల కుర్చీ ఎక్కే ర్యాంపు. ఇన్నేళ్ళూ మన ఆడవాళ్ళు నాటకం మధ్యలో లేచి ఇంటికి పోవాల్సి వచ్చిందంటే అది మన తప్పే.

ఓటు ఎలా వేస్తారు?

రహస్య బ్యాలెట్. మూడు ప్రతిపాదనలు: మరమ్మతు చేసి వాడుకోవడం, కూల్చి కొత్తది కట్టడం, మరో సంస్థకు లీజుకివ్వడం. మూడింటి ఖర్చుల లెక్క, ఇంజనీరు రిపోర్టు నోటీసుతో పాటే మీ ఇంటికి వస్తాయి. చందా బాకీ ఉన్నవాళ్ళు ముందే కట్టేయండి, లేకపోతే బైలా ప్రకారం ఓటుండదు.

లోపలికి వచ్చి చూడొచ్చా?

తప్పకుండా. ఆదివారాలు పొద్దున ఏడు నుంచి పది దాకా నేను తాళం తీసి అక్కడే ఉంటాను. టార్చి తెచ్చుకోండి, లోపల కరెంటు తీసేశాం. వేదికకు ఎడమ వైపు తాడు కట్టి ఉంటుంది, అది దాటొద్దు. పిల్లలను కూడా తీసుకురండి, చేయి మాత్రం వదలొద్దు. మేకప్ గది గోడ మీద మీ తాతగారి పేరు ఉందేమో వెతకండి. పోయిన వారం వచ్చిన ఒకామె తన తండ్రి రాసిన పద్యం ఎత్తుగడ చూసి, ఆ పద్యాన్ని అక్కడే నిలబడి చివరిదాకా పాడింది.